నలభై ఒకటో డబ్బా

శాంపిళ్లు దించుకునే గది, కింది అంతస్తు
మార్చి 4

వసపిట్టకి,

ఎదురుగా ఉంటే నీ నోటికి తాళం వేయడం ఎవరి తరమూ కాదు. ఫోనులో మాత్రం "బాగానే ఉన్నానక్కా" అనే ముక్క తప్ప ఇంకొకటి రాదు. రెండు గదుల ఇంట్లో మీ అత్తగారు, తోడికోడలు, ఆవిడ పిల్లలిద్దరూ చెవులు రిక్కించి కూర్చుంటే పాపం నువ్వు మాత్రం ఏం చెబుతావులే. అందుకే ఈ ఏర్పాటు. కాగితం మీద అబద్ధమాడటం నీకు చేతకాదని నా నమ్మకం.

పద్ధతి చెబుతాను, ఈ చెవిన విని ఆ చెవిన వదిలేయకు. రెండు వారాలకోసారి మీ క్లినిక్ నుంచి మా ల్యాబుకి ఐసు పెట్టె వస్తుంది. అందులో గర్భిణులు ఇచ్చిన మలం శాంపిళ్లు ఉంటాయి, ఒక్కొక్కరిది ఒక్కో డబ్బా. డబ్బా మీద నంబరే కానీ పేరు ఉండదు. నీది నలభై ఒకటి. డబ్బాతో పాటు ఫారం పెట్టే కవరు ఒకటి ఉంటుంది. నీ ఉత్తరం మడిచి అందులో పెట్టు. పెట్టె విప్పేది నేనే. ఖాళీ పెట్టె వెనక్కి వచ్చేటప్పుడు కొత్త ఫారంతో పాటు నా జవాబు ఉంటుంది.

ఇది తప్పే. మా బంధువులెవరూ ఈ పరిశోధనలో లేరని నేను సంతకం పెట్టాను. ఏ నంబరు ఎవరిదో నాకు తెలియకూడదు కూడా. అయినా నిన్ను చేర్పించాను. ఎందుకంటే పదో వారంలో ఒకటి, పద్నాలుగో వారంలో ఒకటి, రెండుసార్లు కడుపు పోగొట్టుకున్నావు. రెండోసారి ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని, "నాలోనే ఏదో ఉందక్కా, నిలవనివ్వడం లేదు" అన్నావు.

ఈ పరిశోధన అచ్చం నీలాంటి వాళ్ల కోసం. నీ మెడలో ఉన్న థైరాయిడ్ గ్రంథి మీద నీ ఒళ్లే దాడి చేస్తోందని డాక్టరు చెప్పాడు కదా. పేగుల్లో సూక్ష్మజీవుల్ని మారిస్తే ఆ దాడి తగ్గుతుందేమో, కడుపు నిలుస్తుందేమో అని మా పెద్ద మేడం చూస్తున్నారు. రోజుకో పొడి పొట్లం ఇస్తారు. సగం మందికి నిజంగా సూక్ష్మజీవులున్న పొడి, సగం మందికి ఉత్త పిండి. ఎవరికి ఏది వెళుతుందో నాకూ తెలియదు.

ఒక్కటి గుర్తుంచుకో. పొడి మీద భరోసాతో థైరాయిడ్ మాత్ర మానకూడదు. నెలలు పెరిగేకొద్దీ ఆ మాత్ర మోతాదు పెంచాల్సి వస్తుంది. నెలకోసారి క్లినిక్కులో రక్తపరీక్ష చేయించుకో. రెండు పెట్టెలు వరసగా డబ్బా పంపకపోతే పరిశోధన లోంచి తీసేస్తారు. అది కూడా గుర్తుంచుకో.

అక్క


కళ్లజోళ్ల షాపు, వెనక గది
మార్చి 18

అక్కకి,

క్లినిక్ నర్సు నలుగురి ముందు నా చేతిలో ప్లాస్టిక్ డబ్బా పెట్టి, మూతకున్న చెంచా ఎలా వాడాలో విడమర్చి చెప్పింది. సిగ్గుతో చచ్చాననుకో. ఇరవై ఎనిమిదేళ్లు వచ్చాక నా కడుపులోంచి వచ్చేదాన్ని మా అక్క తూకం వేస్తుందని కల్లో కూడా అనుకోలేదు. నీ ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే ఇన్నాళ్లూ గొప్పగా చెప్పేదాన్ని. ఇకమీదట మాట మార్చేస్తాను.

ఇది షాపులో కూర్చుని రాస్తున్నాను. అరగదీసే రాయి తిరుగుతుంటే దాని మీద సన్నగా నీళ్లు పడుతుంటాయి. కళ్లజోడు ఫ్రేములో అద్దం సరిగ్గా కూర్చునేదాకా అంచు అరగదీయాలి. కంటితో చూసి చేసే పని కాదు ఇది, బొటనవేలితో తడిమి చేసేది. షాపాయనకి ఇంకా చెప్పలేదు. ఇంట్లో మా ఆయనకీ తోడికోడలికీ తెలుసు. అత్తగారికి మూడు నెలలు నిండాక చెబుదామని మా ఆయన అన్నాడు. పోయినసారి ఆవిడ సంబరం చూశాను, ఆ తర్వాత ఆవిడ మౌనమూ చూశాను.

మా తోడికోడలిని చూస్తే కుళ్లు పుడుతుంది. రాళ్లు తిన్నా అరిగించుకుంటుంది. పొద్దున్నే గడియారానికి కీ ఇచ్చినట్టు వెళ్లొస్తుంది. నాకేమో మూడు రోజులకోసారి, అదీ తల ప్రాణం తోకకొస్తే. ఈ డబ్బా నింపడానికి ఎంత తపస్సు చేశానో రాస్తే నువ్వు నవ్వుతావు.

నవ్వులాటకి రాస్తున్నాను కానీ, ఈసారి నిలవాలక్కా. నిలవకపోతే ఇంకోసారికి నాకు ధైర్యం లేదు. మా ఆయనకి కూడా ఈ మాట చెప్పలేదు.

నలభై ఒకటి


శాంపిళ్లు దించుకునే గది
మార్చి 24

వసపిట్టకి,

నీ డబ్బా చేరింది. నవ్వాను. పక్క బల్ల దగ్గరమ్మాయి ఏమిటని అడిగితే దగ్గొచ్చిందని చెప్పాను.

అసలు పేగులకీ మెడకీ కడుపులో బిడ్డకీ ఏమిటి సంబంధం అని కిందటిసారి ఫోనులో అడిగి, ఎవరో రాగానే మాట దాటేశావు. ఇప్పుడు చెబుతాను. మన రక్తంలో కాపలా కణాలుంటాయి. వాటిలో కొన్ని కొట్టేవి, కొన్ని కొట్టేవాళ్ల చేతులు పట్టుకుని ఆపేవి. బిడ్డ సగం పరాయి మనిషి కదా, మీ ఆయన పోలిక కూడా ఉంటుంది కదా. ఆపేవి బలంగా లేకపోతే కొట్టేవి ఊరుకోవు. నీ ఒంట్లో కొట్టేవి ముందే మెడ మీద పడి ఉన్నాయి. ఈ రెండు రకాల కణాలకీ చాలా వరకు బుద్ధులు నేర్పేది పేగుల్లో ఉండే సూక్ష్మజీవులేనని మేడం నమ్మకం. నమ్మకమే, ఇంకా రుజువు కాలేదు.

నీ నంబరు తెర మీద చూశాను. చూడకూడదు, చూశాను. బాగా లేదు. ఉండాల్సిన రకాలు చాలా తక్కువ, ఉండకూడనివి రెండు బాగా ఎక్కువ. భయపడకు, ఇది మొదటిదే. పొడి వేసుకుంటూ ఉండు. మాత్ర మానకు. రక్తపరీక్ష ఎప్పుడు చేయించుకున్నావో రాయి.

అక్క


కళ్లజోళ్ల షాపు, వెనక గది
ఏప్రిల్ 29

అక్కకి,

పద్నాలుగో వారం దాటింది. ఆ వారమంతా నేను అడుగు తీసి అడుగు వేయడానికి భయపడ్డాను. ఇప్పుడు పదిహేడు. అత్తగారికి చెప్పేశాం. ఆవిడ నా చేతిలోంచి నీళ్ల బకెట్టు లాక్కుంది.

మొన్న పదిహేనో తారీఖు పెట్టెలో నా డబ్బా లేదని నువ్వు గమనించే ఉంటావు. రాలేదక్కా, ఐదు రోజులు రాలేదు. నర్సు నా మీద గయ్యిమంది. ఇంకోసారి ఖాళీగా వస్తే నంబరు కొట్టేస్తామంది. అందుకని ఈసారి నానా తంటాలూ పడి పంపించాను. ఇదిగో, డబ్బా నిండా ఉంది, తృప్తిగా చూసుకో.

చలి ఎక్కువగా వేస్తోంది. అందరూ ఫ్యాను కింద కూర్చుంటే నేను శాలువా కప్పుకుంటున్నాను. రాయి మీద నీళ్లు తగిలితే వేళ్లు మొద్దుబారుతున్నాయి. ఈ వారంలో రెండు అద్దాలు పగలగొట్టాను. షాపాయన మంచివాడు, ముక్కలు తనే ఊడ్చేశాడు. నిద్ర మాత్రం ముంచుకొస్తుంది. నిలబడి కూడా నిద్రపోగలను. కడుపుతో ఉన్నవాళ్లకి ఇదంతా మామూలే అని తోడికోడలు అంటుంది, ఆవిడకి ఇద్దరు పుట్టారు కాబట్టి ఆవిడ మాటే మాకు వేదం.

రక్తపరీక్షకి ఈ నెల వెళ్లలేదు. పొద్దున్నే వెళితే మధ్యాహ్నం దాకా వరస. వచ్చే నెల తప్పకుండా.

నలభై ఒకటి


శాంపిళ్లు దించుకునే గది
మే 6

బంగారు తల్లీ,

ఏనుగెక్కినంత సంబరంగా ఉంది నాకు. నీ డబ్బా ఫలితం నిన్న వచ్చింది. ఇది నువ్వేనా అనిపించింది. మొదటి రెండు డబ్బాల్లో లేని మంచి రకాలన్నీ దిగిపోయాయి. ఆ చెడ్డ రెండూ అజా అయిపూ లేకుండా పోయాయి. మేడం నా కుర్చీ వెనక నిలబడి, "నలభై ఒకటి ఎవరో కానీ ఆమెకి దండం పెట్టాలి" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. ముక్కు చీదుకుంటూ ఫ్రీజరు దగ్గరికి వెళ్లిపోయాను.

నీకు వచ్చింది పిండి కాదు, నిజమైన పొడే. నాకు అనుమానం లేదు.

చలి, నిద్ర, వేళ్లు మొద్దుబారడం గురించి రాశావు. ఇంకో మనిషి రాసి ఉంటే కంగారుపడేదాన్ని. లోపల ఇంత బాగుపడుతుంటే పైన కాస్త నీరసం ఉంటుందిలే. రక్తపరీక్షకి వీలు చూసుకుని వెళ్లు. మరీ వరసల్లో నిలబడి కాళ్లు వాపు తెచ్చుకోకు.

అక్క


కళ్లజోళ్ల షాపు, వెనక గది
మే 27

అక్కకి,

బిడ్డ కదిలింది. మొన్న ఒక ముసలాయన తెచ్చిన కళ్ల డాక్టరు చిట్టీ తీసుకుని అంకెలు రాసుకుంటుంటే, లోపల ఎవరో వేలితో తట్టినట్టయింది. నేను రాయడం ఆపేసి అలాగే కూర్చుండిపోయాను. ఆయన నా ముఖం చూసి, తన కళ్లకి ఏదో పెద్ద జబ్బు ఉందని హడలిపోయాడు. ఏమీ లేదు తాతా అని చెప్పి పంపేసరికి తాతలు దిగొచ్చారు.

పరిశోధన కోసం ఇరవయ్యో వారం దాటాక తీయాల్సిన రక్తం కూడా నర్సు తీసింది. అది ఈ పెట్టెలోనే వస్తోంది. ఇక క్లినిక్ పరీక్ష విడిగా ఎందుకులే అనిపించింది. లోపలంతా బాగుందని నువ్వే అన్నాక నర్సు చెప్పేదేముంది.

నిన్ను ఒకటి అడగాలి, నవ్వకు. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండింది తినేవాళ్ల పేగులు ఒకేలా ఉంటాయా? ఊరికే తెలుసుకుందామని.

గొంతు బొంగురుపోయింది. మా ఆయన ఫోనులో నా గొంతు విని, వాళ్ల అన్నయ్య ఊరి నుంచి ఎప్పుడొచ్చాడని అడిగాడు. జుట్టు దువ్వెనకి గుప్పెళ్లుగా వస్తోంది. పుట్టేవాళ్లకి అంతా ఇచ్చేస్తున్నానేమో.

నలభై ఒకటి


శాంపిళ్లు దించుకునే గది
జూన్ 3

వసపిట్టకి,

బిడ్డ కదిలిన మాట చదివి ఉత్తరం మడిచి తెల్లకోటు జేబులో పెట్టుకున్నాను. సాయంత్రం దాకా తీయలేదు.

నీ ప్రశ్నకి జవాబు. ఒకే ఇంట్లో ఒకే తిండి తినేవాళ్ల పేగులకి చాలా పోలిక ఉంటుంది. పుస్తకాల్లో కూడా అలాగే రాశారు. తోడికోడలితో పోటీ మొదలుపెట్టావా ఏమిటి? ఆవిడ కన్నా నువ్వే బాగున్నావులే.

నీ రక్తం ట్యూబు చేరింది, జాగ్రత్త చేశాను. ఆ ట్యూబులన్నీ పరిశోధన అయిపోయాక ఒక్కసారే చదువుతారు. మధ్యలో చదివితే ఎవరు ఏమిటో బయటపడి లెక్క చెడుతుందని నియమం. కాబట్టి క్లినిక్కులో నీ పరీక్ష నువ్వు చేయించుకోవాల్సిందే. తొందరేమీ లేదు, వీలు చూసుకో. ఈ పెట్టెలో వచ్చిన నీ డబ్బా కూడా పోయినసారి లాగే బ్రహ్మాండంగా ఉంది.

అక్క


ఇల్లు, వెనక గది
జూలై 8

అక్కకి,

ఇరవై ఏడు వారాలు. వేళ్లు ఉబ్బి ఉంగరం రావడం లేదు. బొటనవేలికి అంచు తెలియడం లేదు. ఒకావిడ అద్దం మరీ ఎక్కువ అరగదీసి ఫ్రేములో వదులు చేశాను. షాపాయన ముందుకొచ్చి కౌంటర్లో కూర్చోమన్నాడు. అక్కడ కునికిపాట్లు పడుతుంటే, కాన్పు అయ్యాక రమ్మని ఇంటికి పంపేశాడు. ఇప్పుడు ఇంట్లోనే ఉంటున్నాను.

ముఖం కూడా ఉబ్బింది. అద్దంలో చూసుకుంటే మన మేనత్త కనిపిస్తోంది. బిడ్డ కూడా నాలాగే నిద్రమొహం, ఎప్పుడో తలుచుకుంటే ఒకసారి కదులుతుంది.

నీకో మాట చెప్పాలని చాలాసార్లు కలం పట్టాను. ఇప్పుడు కాదులే. కాన్పు అయ్యాక నవ్వుకుంటూ చెబుతాను.

నలభై ఒకటి


శాంపిళ్లు దించుకునే గది
జూలై 14

వసపిట్టకి,

క్లుప్తంగా రాస్తున్నాను, ఊపిరాడని పని. మేడం వచ్చే నెల పెద్ద సభలో ఇప్పటిదాకా తేలింది చెప్పబోతున్నారు. డబ్బాల బొమ్మలన్నీ గీసే పని నాది. నీ నంబరు గీత గోడకి అంటించాం. కింద మూలన మొదలై నిటారుగా పైకి వెళుతుంది. వచ్చేపోయేవాళ్లంతా దాని ముందు ఆగి చూస్తున్నారు.

ఉబ్బు నెలలు నిండుతున్నకొద్దీ వస్తుంది. ఉప్పు తగ్గించు, కాళ్లు ఎత్తి పెట్టుకో. నవ్వుకుంటూ చెప్పేది ఏమిటో ఇప్పుడే చెప్పొచ్చు కదా, ఊరించడం దేనికి?

అక్క


ఇల్లు, వెనక గది
ఆగస్టు 19

అక్కా,

ఈ పెట్టెలో నలభై ఒకటో డబ్బా ఉండదు. ఫారం మీద నర్సు "విరమణ" అని రాసింది. కారణం గడిలో నా చేత సంతకం పెట్టించింది.

తొమ్మిదో తారీఖు పొద్దున్నించి కదలలేదు. సాయంత్రం దాకా చూశాను, నిద్రమొహం కదా అనుకున్నాను. తోడికోడలు నా పొట్ట మీద చెయ్యి పెట్టి, వెంటనే తీసేసి మా ఆయనని కేకేసింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ తెర నా వైపు నుంచి అటు తిప్పేసింది. అప్పుడు తెలిసింది. మర్నాడు కన్నాను. కాన్పు మామూలుగానే జరిగిందని వాళ్లన్నారు.

అప్పుడు రక్తం తీశారు. థైరాయిడ్ బొత్తిగా పనిచేయడం లేదట. మాత్ర ఎప్పుడు పెంచారని అడిగారు. పెంచలేదన్నాను. ఆఖరి పరీక్ష ఎప్పుడని అడిగారు. మార్చిలో అని చెప్పాను. ఆవిడ కాగితం మీద రాస్తూ, ఇదే కారణమని ఖాయంగా ఎవరూ చెప్పలేరమ్మా అంది. ఆవిడ నా ముఖంలోకి చూడలేదు.

నవ్వుకుంటూ చెబుతానన్న మాట ఇప్పుడు చెప్పాలి. మొదటి రెండు డబ్బాలే నావి. ఏప్రిల్ ఆఖరు నుంచి నువ్వు చూసినవన్నీ మా తోడికోడలివి. నాకు ఆరు రోజులకి కూడా రాలేదు. నంబరు కొట్టేస్తే నువ్వు నన్ను చేర్పించిన సంగతి బయటపడి నీ ఉద్యోగానికి మీదకొస్తుందేమో అనుకున్నాను. తోడికోడలు డబ్బా నింపి ఇచ్చింది, ఇద్దరం నోరు మూసుకుని నవ్వుకున్నాం. అది హాజరు వేయించుకోవడం లాంటిది అనుకున్నాను. ఆ డబ్బా చూసి నువ్వు నా గురించి నిర్ణయాలు చేస్తావని నాకు తట్టలేదు.

ఆ తర్వాత నువ్వు సంతోషంగా రాశావు. నీ సంతోషం చెడగొట్టలేకపోయాను. ఒకే తిండి తింటున్నాం కదా, నాదీ అలాగే ఉండి ఉంటుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నిన్ను అడిగాను కూడా. అవునన్నావు.

పాలు పడ్డాయక్కా. నా ఒంటికి మాత్రం తెలియలేదు. గుడ్డ కట్టుకుని పడుకుంటున్నాను.

నువ్వు రావద్దు. నీ ముఖం చూడలేను.


శాంపిళ్లు దించుకునే గది
ఆగస్టు 22

నీ ఉత్తరం నిన్న అందింది. వెంటనే ఫోను చేశాను. మీ ఆయన ఎత్తి, పడుకుందని చెప్పి పెట్టేశాడు.

రైలెక్కాలనుకున్నాను. ఎక్కలేదు. నువ్వు రావద్దన్నావని కాదు, కోపంతో ఎక్కలేదు. నా జన్మలో ఎవరి మీదా ఇంత కోపం రాలేదు. ఒక్క ముక్క, "అక్కా, ఇది నాది కాదు" అని ఒక్క ముక్క రాసి ఉంటే అదే రోజు నిన్ను చెయ్యి పట్టుకుని రక్తపరీక్షకి లాక్కెళ్లేదాన్ని. చలి అన్నావు, నిద్ర అన్నావు, జుట్టు, గొంతు, ఉబ్బు. థైరాయిడ్ తగ్గిందని చిన్నపిల్లకైనా తెలిసే లక్షణాలు ఒక్కొక్కటే రాశావు. నేనేమో పరాయి ఆడదాని డబ్బా చూసి మురిసిపోతూ, కాళ్లు ఎత్తి పెట్టుకో అని రాశాను.

నీ గీత ఇంకా గోడ మీదే ఉంది. పొద్దున్నించి దానికి వీపు పెట్టి పని చేస్తున్నాను.

ఇంతకన్నా రాస్తే అనకూడనివి అంటాను.


అద్దె గది, రెండో అంతస్తు
సెప్టెంబరు 12

చెల్లీ,

ఇది పోస్టులో పంపుతున్నాను. పెట్టె విప్పే పని ఇక నాది కాదు.

పోయిన ఉత్తరం రాశాక నాలుగు రోజులు గింజుకున్నాను. మొదటి రెండు రోజులు నిన్ను తిట్టుకున్నాను. మూడో రోజు నీ పాత ఉత్తరాలన్నీ బయటికి తీసి వరసగా చదివాను. డబ్బా ఫలితం ఒక్కసారిగా అలా మారితే ల్యాబులో ఎవరైనా మొట్టమొదట అడిగేది, డబ్బా తారుమారు అయిందా అని. నలభై రెండుకి అలా వచ్చి ఉంటే నేనే అడిగేదాన్ని. నీది కాబట్టి అడగలేదు. అది నిజమని నమ్మడం నాకు అంత అవసరమైపోయింది.

నాలుగో రోజు మేడం గదిలోకి వెళ్లి అన్నీ చెప్పేశాను. నువ్వు నా చెల్లెలివని, ఉత్తరాలని, డబ్బాలని. ఆవిడ అరవలేదు. మధ్యలో తీసిన రక్తం ఉందా అని అడిగారు. ఉందన్నాను. నియమం పక్కన పెట్టి అప్పటికప్పుడే చదివించారు.

నీకు ఇది చెప్పకుండా ఉండిపోవచ్చు. మేడం కూడా చెప్పడం ఎందుకన్నారు. కానీ దాపరికాలతోనే ఇక్కడిదాకా వచ్చాం. విను. థైరాయిడ్ చాలనికొద్దీ పెరిగే అంకె, నాలుగు లోపు ఉండాల్సింది, నీ రక్తంలో ముప్ఫై ఎనిమిది ఉంది. మే నెలాఖరులోనే. బిడ్డ కదిలిందని నువ్వు రాసిన పెట్టెలోనే ఆ ట్యూబు వచ్చింది. నా చేత్తోనే ఫ్రీజరులో పెట్టాను. ఆ ఫ్రీజరు నా కుర్చీకి మూడు అడుగుల దూరం. దాని పక్కనే కూర్చుని నీకు రెండు ఉత్తరాలు రాశాను, తొందరేమీ లేదని ఒకటి, కాళ్లు ఎత్తి పెట్టుకోమని ఒకటి. దాదాపు పది వారాలు సమయం ఉంది, మాత్ర పెంచడానికి. నువ్వు డబ్బా మార్చినా మార్చకపోయినా ఆ ట్యూబు నీదే. నియమాలన్నీ నీ కోసం తప్పిన దాన్ని, తప్పాల్సిన ఆ ఒక్క నియమం మాత్రం పాటించాను.

ఇంకొకటి. నీ పొట్లాల్లో ఉన్నది పిండి.

మిగతా అందరి ట్యూబులూ ఆ వారమే చదివించారు. ఇంకో ఇద్దరికి అంకె ఎక్కువగా ఉంది. అదే రోజు వాళ్ల క్లినిక్కులకి ఫోన్లు చేసి మాత్ర పెంచారు. ఒకామెకి ఇరవై నాలుగో వారం. నన్ను మాత్రం మేడంకి అన్నీ చెప్పిన సాయంత్రమే తాళాలు అప్పజెప్పమన్నారు. దానికి నేను బాధపడటం లేదు.

నీ వల్లే పోయిందని నువ్వు అనుకుంటూ ఉంటావు. నాకు తెలుసు, ఆ బెంచీ మీద కూడా అదే అన్నావు. అనుకోకు. అనుకోవాల్సి వస్తే సగం కన్నా ఎక్కువ నాకు వదిలెయ్యి.

మాత్ర వేసుకుంటున్నావా? రక్తపరీక్ష చేయించుకున్నావా? ఈసారి వీలు చూసుకోమని అనను.

రానా?

అక్క


ఇల్లు, వెనక గది
సెప్టెంబరు 20

అక్కకి,

మాత్ర పెంచారు. వేసుకుంటున్నాను. పరీక్షకి మా అత్తగారే తీసుకెళ్లింది. వరసలో నాకు బదులు ఆవిడే నిలబడింది. ఇంతవరకు నన్ను పల్లెత్తు మాట అనలేదు. అంటే బాగుండేది.

తోడికోడలు నాతో మాట్లాడటానికి భయపడుతోంది. వంటింట్లో ఎదురుపడితే గిన్నెల వైపు చూస్తుంది. ఆవిడ తప్పేముంది, నేనే బతిమాలాను. ఆ మాట మా ఆయనకి కూడా చెప్పాను. ఆయన పనికి వెళ్లడం మొదలుపెట్టాడు.

ట్యూబు సంగతి చదివాక నీ మీద ఒళ్లు మండిపోయింది. మూడు రోజులు మండుతూనే ఉంది. మనసులో నిన్ను అనని మాట లేదు. చదువుకున్నదానివి, మూడు అడుగుల దూరంలో కూర్చున్నదానివి, నీకేం పోయేకాలం అని. ఆ మూడు రోజులూ నన్ను నేను తిట్టుకోలేదక్కా. నెల తర్వాత మొదటిసారి రాత్రంతా నిద్రపట్టింది. నువ్వు కావాలనే రాశావేమో కూడా, నాకు అలాంటి తెరిపి దొరకాలని. అలా అయితే ఇంకా కోపం వస్తుంది.

ఇంకొన్నాళ్లు కోపంగానే ఉంటాను. నువ్వు కూడా ఉండు. అయినా రా. వచ్చి అరువు, నేనూ అరుస్తాను, ఇంట్లో ఎవరు వింటే విననీ.

ఆ ఇరవై నాలుగో వారం ఆవిడ సంగతి తెలిస్తే చెప్పు. ఆవిడ నంబరు నాకొద్దు. కాన్పు అయ్యాక ఒక్క మాట చెబితే చాలు.

నీ ఉత్తరాలు రెండూ మళ్లీ చదివాను. బిడ్డ గురించి ఎక్కడా అడగలేదు నువ్వు. నేనూ రాయలేదు, మా ఆయనా చెప్పలేదు. నిన్ను కూర్చోబెట్టి చెప్పేవాళ్లే లేకపోయారని ఇవాళే తట్టింది.

ఆడపిల్లక్కా. జుట్టు ఉంది. నుదురు నీదే.